మెనిస్కస్ చిరిగితే ఏది మేలు: కుట్టించడమా, ముక్క తీయించడమా?

బెంగళూరులో ఫుట్‌బాల్ సీజన్ మొదలైందంటే నా ఫిజియోథెరపీ గదిలో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వినపడుతుంది. అనంతపురం, హిందూపురం, కడప నుంచి వచ్చి ఆస్టిన్ టౌన్, నీలసంద్ర పీజీల్లో ఉంటూ క్లబ్బులకు ఆడే కుర్రాళ్లు అడుగుతారు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ నుంచి పిల్లల్ని అకాడమీలకు తిప్పే అమ్మానాన్నలూ అడుగుతారు. ఎంఆర్ఐ కవరు బల్ల మీద పెట్టి, "సార్, కుట్టించాలా, చిరిగిన ముక్క తీయించాలా?" అంటారు. వాళ్లు అడిగేది మెనిస్కస్ గురించి, అంటే మోకాలి కీలులో తొడ ఎముకకూ కింద కాలి ఎముకకూ మధ్య మెత్తలా ఉండేదాని గురించి. విడివిడిగా చెప్తూ వస్తున్న జవాబే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

తొందరగా మైదానంలోకి రావడమే లెక్క అయితే ముక్క తీయించడానికి పోటీ లేదు. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే కాలు మోపి నడుస్తారు, అన్నీ కుదిరితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మ్యాచ్ ఆడతారు. 2014లో ఉరుగ్వే స్ట్రైకర్ లూయిస్ సువారెజ్ మే 22న మోకాలి మెనిస్కస్‌కు కీహోల్ సర్జరీ (చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) చేయించుకుని, జూన్ 19న ప్రపంచకప్‌లో ఇంగ్లాండ్ మీద రెండు గోల్స్ కొట్టాడు. కుట్లు వేయించుకున్నవాడికి నాలుగు వారాలకు కర్రలు వదలడమే గొప్ప. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు మోకాలు తొంభై డిగ్రీలు దాటి మడవనివ్వరు. ఆ తర్వాత కూడా ఇంకో రెండు మూడు నెలలు గొంతుకూర్చోవడం కుదరదు, అంటే ఇండియన్ టాయిలెట్ వాడకూడదు, బాసింపట్టు వేసి నేల మీద భోజనానికి కూర్చోకూడదు. లిఫ్టు లేని పీజీలో మూడో అంతస్తులో ఉండే కుర్రాడికి ఇది చిన్న కష్టం కాదు. ఆటకు తిరిగి రావడానికి ఐదారు నెలలు పడుతుంది. కుట్టే పరికరాల ఖర్చు అదనం.

ఇన్ని చెప్పాక కూడా, కుట్టడానికి వీలున్న చీలిక అయితే కుట్టించమనే నేను చెప్తాను. కుర్రాడి వయసు ఇరవై లోపు అయితే ఈ మాట ఇంకా గట్టిగా చెప్తాను.

ఎందుకంటే ఫుట్‌బాలర్ కెరీర్ దెబ్బ తగిలిన రోజున ముగియడం ఇప్పుడు అరుదు. ఒకప్పుడు అలాగే ముగిసేది. 1962 డిసెంబర్ 26న ఇంగ్లాండ్ క్లబ్ సండర్లాండ్‌కు ఆడుతూ బ్రయాన్ క్లఫ్ గోల్‌కీపర్‌ను ఢీకొన్నాడు, మోకాలి లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టే పట్టీలు) తెగాయి. 27 ఏళ్ల వయసులో ఉన్న ఆ స్ట్రైకర్ తర్వాత మళ్లీ ప్రయత్నించినా మూడు లీగ్ మ్యాచ్‌లకే ఆపేయాల్సి వచ్చింది. అలాంటి లిగమెంటే 2020 అక్టోబర్‌లో వర్జిల్ వాన్ డైక్‌కు దెబ్బతింటే, తర్వాతి సీజన్ మొదట్లోనే లివర్‌పూల్ డిఫెన్స్‌లోకి తిరిగొచ్చాడు. లిగమెంట్‌ను మళ్లీ కట్టడం సర్జన్లు నేర్చుకున్నారు. ఎముకల చివర నున్నగా ఉండే కార్టిలేజ్‌ను మాత్రం పుట్టినప్పటిలా మళ్లీ తెచ్చే పద్ధతి ఇప్పటికీ లేదు. దానికి రక్తనాళాలు ఉండవు, అరిగితే అరిగినట్టే. మన ఇళ్లలో "గుజ్జు అరిగిపోయింది" అనేది దీని గురించే. ఆ కార్టిలేజ్ మీద పడే బరువును పంచుకునేది మెనిస్కస్.

టాటెన్‌హామ్ కెప్టెన్ లెడ్లీ కింగ్ మోకాల్లో కార్టిలేజ్ దాదాపు మిగలని స్థితిలో ఏళ్ల తరబడి ఆడాడు. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య జట్టుతో ప్రాక్టీస్ కూడా చేయలేకపోయేవాడు. 2012లో 31 ఏళ్లకే ఆట వదిలేశాడు. డచ్ స్ట్రైకర్ మార్కో వాన్ బాస్టెన్‌ది మోకాలు కాదు, చీలమండ. వరుస ఆపరేషన్ల తర్వాత 1993 మేలో మార్సే క్లబ్‌తో ఆడిన ఛాంపియన్స్ లీగ్ ఫైనలే అతని చివరి మ్యాచ్, అప్పటికి వయసు 28. దెబ్బలు వేరైనా ఇద్దరినీ ఆపింది మళ్లీ బాగుపడని కీలే.

మెనిస్కస్ తీసేస్తే కీలు ఎలా మారుతుందో 1948లోనే ఫెయిర్‌బ్యాంక్ అనే డాక్టర్ ఎక్స్‌రేల ఆధారంగా వివరించాడు. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు మెనిస్కస్ మొత్తాన్నీ తీసేస్తూనే వచ్చారు. ఇప్పుడు చిరిగినంత వరకే కత్తిరిస్తారు, అది పెద్ద మెరుగుదలే. కానీ ఎంత తీస్తే అంత బరువు కార్టిలేజ్ మీదికి వెళ్తుంది. బయటివైపు మెనిస్కస్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడ తొడ ఎముకా ఉబ్బెత్తే, కింద కాలి ఎముకా కాస్త ఉబ్బెత్తే. మధ్యలో మెనిస్కస్ తగ్గితే బరువంతా చిన్న చోట పడుతుంది. ఆ ముక్క తీసి ఆటకు పంపాక ఒక్క సీజన్‌లోపే కార్టిలేజ్ దెబ్బతిన్న ఆటగాళ్లు ఉన్నారు. అందుకే రిపోర్టు చేతిలోకి రాగానే నేను మొదట చూసేది లోపలివైపా, బయటివైపా అని.

రెండోది, చీలిక అంచు దగ్గరా, లోపలా అన్నది. మెనిస్కస్ బయటి అంచున మూడో వంతు లోపే రక్తం అందుతుంది. అక్కడి నిలువు చీలికలు కుడితే అతుకుతాయి. లోపలి అంచు పీలికలుగా చిరిగితే కుట్టి లాభం లేదు, కత్తిరించడమే సరి.

ఈ మధ్య పద్దెనిమిదేళ్ల వింగర్ ఒకడు వచ్చాడు. పడుకోబెట్టి రెండు మడమలూ పట్టుకుని లేపితే మంచి కాలు నిటారుగా వచ్చింది. రెండో మోకాలి కింద నా పిడికిలి పట్టేంత సందు. చిరిగిన ముక్క మడతపడి కీలులో ఇరుక్కుంది. పెద్ద చీలికే, కానీ బయటి అంచు దగ్గరే ఉంది. హిందూపురం నుంచి వచ్చిన వాళ్ల నాన్న అడిగాడు: "సార్, నవంబర్‌లో సెలక్షన్లు ఉండాయి. కుట్లేస్తే పిల్లోడికి ఈ ఏడాది పోయినట్టే గదా?"

"పోతుందన్నా," అన్నాను. "ఆ ముక్క మొత్తం తీసేస్తే నవంబర్‌కు ఆడతాడు. ఇరవై అయిదేళ్లకు ఆడతాడా అన్నది చెప్పలేను."

కుట్టించారు. ఇప్పుడు తిన్నగా పరుగెత్తుతున్నాడు, ఒక్కసారిగా మలుపు తిరగడం ఇంకా మొదలుపెట్టనివ్వలేదు.

కుట్లు ప్రతిసారీ నిలుస్తాయని మాత్రం అనుకోవద్దు. ఏళ్ల తరబడి గమనిస్తే నాలుగైదు కేసుల్లో ఒకటి విఫలమవుతుంది. బార్సిలోనా కుర్రాడు అన్సు ఫాటికి 2020 నవంబర్‌లో ఎడమ మోకాలి మెనిస్కస్ చిరిగింది. ఒక ఆపరేషన్‌తో పోలేదు, మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చింది, పది నెలలకు గానీ మైదానంలోకి రాలేదు. అటు సువారెజ్ ఆ సర్జరీ తర్వాత దాదాపు పదేళ్లు పెద్ద స్థాయిలో ఆడాడు. ఈ రెండు పేర్లు చూపించి నాతో వాదించేవాళ్లున్నారు, ఆ వాదనలో న్యాయం ఉంది. నేను చూసేది ఏమిటంటే, కుట్లు విఫలమైతే ఆ తర్వాతైనా ముక్క తీయొచ్చు. తీసేసినదాన్ని తిరిగి పెట్టలేం.

ముప్పై దాటి ఇంకో రెండు సీజన్లే మిగిలినవాడు, ఆట మీదే ఇల్లు నడిచేవాడు తీయించుకుంటానంటే నేను అడ్డు చెప్పను. ఆఫీసు వాళ్లతో ఆదివారం టర్ఫ్ మీద ఆడేవారికి చిన్న చీలికైతే చాలాసార్లు ఆపరేషనే అక్కర్లేదు, మూడు నెలల వ్యాయామం చాలు. పీఆర్పీ ఇంజెక్షన్ (సొంత రక్తంలోంచి ప్లేట్‌లెట్లు వేరు చేసి ఎక్కించేది) మీద నేను ఆశ పెట్టించను. దాత నుంచి తీసుకున్న మెనిస్కస్ అమర్చడం దాదాపు అంతా పోయినవాళ్ల కోసం.

ఇంకో మాట. కుట్టాలా కత్తిరించాలా అన్నది చాలాసార్లు ఆపరేషన్ టేబుల్ మీద, కెమెరాతో లోపల చూశాకే తేలుతుంది. అప్పటికి మీవాడు మత్తులో ఉంటాడు. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందే సర్జన్ గారిని అడగండి: కుట్టే వీలుంటే కుడతారా, దానికి కావాల్సిన పరికరాలు ఆ రోజు థియేటర్లో ఉంటాయా, ఇన్సూరెన్స్‌లో వాటికి ముందే అనుమతి తీసుకున్నారా. మ్యాచ్ ఎప్పుడు ఆడొచ్చన్నది ఆ తర్వాత అడగండి.