జాగ్రత్త: ‘బోర్డ్‌వాక్ ఎంపైర్’ పూర్తి డీవీడీ సెట్ చవగ్గా దొరుకుతోందా? కొనేముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. ‘బోర్డ్‌వాక్ ఎంపైర్’ అనే అమెరికన్ టీవీ సిరీస్ ఐదు సీజన్లూ ఒకే పెట్టెలో, మిగతా చోట్ల ఉన్న ధరలో సగానికి కూడా తక్కువగా ఆన్‌లైన్‌లో కనబడితే దయచేసి ఆగండి. నేను కొన్నది నకిలీ సెట్. డబ్బు పోవడం ఒక ఎత్తు. మా నాన్నతో కలిసి నెల రోజులు చూసుకుంటూ వచ్చిన కథ సరిగ్గా అసలు ఘట్టంలో ఆగిపోవడం ఇంకో ఎత్తు.

మేము న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. ఈ సిరీస్ కథంతా నడిచే అట్లాంటిక్ సిటీ మాకు కారులో గంటన్నర దూరం. 2010 సెప్టెంబరు నుంచి 2014 అక్టోబరు దాకా హెచ్‌బీవో అనే అమెరికన్ టీవీ ఛానల్‌లో వచ్చింది. టెరెన్స్ వింటర్ సృష్టించారు, మొదటి ఎపిసోడ్‌కి మార్టిన్ స్కార్సీసీ దర్శకత్వం వహించారు. 1920 జనవరిలో అమెరికా అంతటా మద్యనిషేధం అమల్లోకి వచ్చిన రాత్రి నుంచి కథ మొదలవుతుంది. నకీ థాంప్సన్ అనే రాజకీయ నాయకుడు ఆ ఊరిని గుప్పిట్లో పెట్టుకుని సారా వ్యాపారం నడుపుతుంటాడు. అట్లాంటిక్ సిటీని నిజంగానే అలా ఏలిన ఈనాక్ ‘నకీ’ జాన్సన్ ఆ పాత్రకు మూలం. ఆ వేషం స్టీవ్ బుషెమీ వేశారు.

మా నాన్న ఎక్సైజ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యారు. దూబగుంట ఆడవాళ్లు సారా వేలంపాటలు ఆపించిన రోజుల్లో ఆయన నెల్లూరు జిల్లాలోనే ఉద్యోగం చేస్తున్నారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చాక తడ చెక్‌పోస్టులో రాత్రి డ్యూటీలు చేశారు. తమిళనాడు వైపు నుంచి లారీల్లో కూరగాయల బుట్టల కింద సీసాలు ఎలా దాటించేవాళ్లో నా చిన్నప్పుడు కథలు కథలుగా చెప్పేవారు. అందుకే ఆయన ఈ వేసవిలో మా దగ్గరికి వస్తున్నారని తెలియగానే నాకు మొదట గుర్తొచ్చింది ఈ సిరీసే.

స్ట్రీమింగ్‌లో చూపించవచ్చు కదా అని మా ఆయన అన్నారు. నిజమే. కానీ నాన్న తిరిగి కావలి వెళ్లాక కూడా ఆయనకి వీలైనప్పుడు మళ్లీ చూసుకోవాలని నా కోరిక. అక్కడ ఇంట్లో డీవీడీ ప్లేయర్ ఇంకా పనిచేస్తోంది. పైగా ఈ యాప్‌లలో ఇవాళ ఉన్నది రేపు ఉంటుందన్న నమ్మకం లేదు. 2023 మార్చి 31తో హెచ్‌బీవో సిరీస్‌లన్నీ ఇండియాలో హాట్‌స్టార్‌లోంచి తీసేశారు, మధ్యలో చూస్తున్నవాళ్లు మధ్యలోనే ఉండిపోయారు. డిస్క్ చేతిలో ఉంటే ఆ బాధ లేదనుకున్నాను.

ఒక పెద్ద షాపింగ్ సైట్‌లో, బయటి సెల్లర్ దగ్గర ఈ సెట్ కనిపించింది. 34 డాలర్లు. ‘కొత్తది, సీలు వేసినది, ఆల్ రీజియన్’ అని రాశారు. నన్ను పడేసింది ఆ చివరి మాటే. అమెరికాలో అమ్మే డీవీడీలు రీజియన్ 1, ఇండియాలోవి రీజియన్ 5. ఇక్కడ కొన్నది అక్కడి మామూలు ప్లేయర్‌లో ఆడదు. అలాంటిది ఎక్కడైనా ఆడుతుందంటే నాన్నకి సరిగ్గా సరిపోతుందని సంబరపడ్డాను. అదే పెద్ద అనుమానానికి కారణం కావాల్సిందని ఇప్పుడు అర్థమవుతోంది. హెచ్‌బీవో లాంటి పెద్ద సంస్థ అమెరికాలో అమ్మే తన డీవీడీల మీద రీజియన్ గుర్తు వేస్తుంది. కొత్త హాలీవుడ్ సిరీస్ సెట్ ‘ఆల్ రీజియన్’ అని అమ్ముతున్నారంటే నూటికి తొంభైసార్లు ఎవరో ఇంట్లో కాపీ కొట్టిన సరుకని నా అభిప్రాయం.

జూన్ 3న పార్సిల్ వచ్చింది. పెట్టె పైకి చక్కగానే ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా బిగుతుగా ఉంది. నాన్న వచ్చాక ఆయన చేతులతోనే విప్పించాలని అలాగే దాచిపెట్టాను. ఈ పొరపాటు మీరు చేయకండి. మొదటి ఎపిసోడ్ పెట్టింది జూన్ 9 రాత్రి.

మొదట్లోనే ఒక సన్నివేశం ఉంటుంది. మద్యనిషేధం కోరే మహిళల సభలో నకీ కళ్లు చెమర్చేలా ప్రసంగిస్తాడు. బయటికొచ్చాక అదే మద్యంతో ఎంత సంపాదించవచ్చో లెక్కలేస్తాడు. నాన్న సోఫాలో ముందుకు జరిగి కూర్చున్నారు. “ఇట్టాంటోళ్లని నేను శానామందిని చూశానమ్మా. పగలు మీటింగు, రాత్రి లారీ,” అన్నారు. ఆ తర్వాత ఇక రోజూ అన్నం తినగానే ఆయనే రిమోట్ పట్టుకుని కూర్చునేవారు. నిషేధం అమలుచేసే ఏజెంట్ నెల్సన్ వాన్ ఆల్డెన్ వచ్చినప్పుడల్లా తన పాత డిపార్ట్‌మెంట్ మనిషిని చూసినట్టు మురిసిపోయేవారు, అతను దారి తప్పుతుంటే బాధపడేవారు. మధ్యలో ఒక ఆదివారం అట్లాంటిక్ సిటీ కూడా వెళ్లొచ్చాం. అసలు నకీ జాన్సన్ కాపురమున్న రిట్జ్ భవనం ఇప్పటికీ బోర్డ్‌వాక్ (సముద్రం ఒడ్డున చెక్కలతో వేసిన నడకదారి) మీద ఉంది. నాన్న దాని ముందు నిలబడి చాలాసేపు పైకి చూశారు.

లోపాలు మొదటి రోజు నుంచే ఉన్నాయి. నేనే వేరేవాటి మీదికి తోసేశాను. నాన్నకి కాస్త వినికిడి తక్కువ, ఇంగ్లిష్ యాస పట్టుకోలేరు, సబ్‌టైటిళ్లు చదువుకుంటారు. ఈ డిస్కుల్లో నకీ అన్న ప్రతిచోటా ‘లకీ’ అని పడుతోంది. ఈ సిరీస్‌లో నిజంగానే లకీ లూసియానో అనే ఇంకో ముఖ్యమైన పాత్ర ఉంది! న్యూయార్క్ ముఠా మనిషి. పాపం నాన్న మూడు నాలుగు ఎపిసోడ్ల దాకా ఇద్దరినీ కలిపేసుకుని, “వీడు వాడికే ఎందుకు ఎదురు తిరుగుతున్నాడు?” అని అడుగుతూనే ఉన్నారు. రిచర్డ్ హారో అని యుద్ధంలో సగం ముఖం పోగొట్టుకుని రేకు ముసుగు పెట్టుకునే పాత్ర ఒకటి ఉంది. గొంతు బొంగురుగా, ఆగి ఆగి మాట్లాడతాడు. సబ్‌టైటిళ్లు అందరికంటే అవసరమైంది అతని మాటలకే, సరిగ్గా అక్కడే ఖాళీ. నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ వచ్చాను. చీకటి సన్నివేశాల్లో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంటే మా టీవీ పాతదైపోయిందనుకున్నాను.

జూలై 6 రాత్రి రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌కి వచ్చాం. పేరు ‘టు ద లాస్ట్’, 2011 డిసెంబరు 11న మొదటిసారి ప్రసారమైంది. చూడనివాళ్ల కోసం ఏం జరుగుతుందో చెప్పను. మొత్తం సిరీస్‌లో నన్ను ఎక్కువగా కదిలించిన ఎపిసోడ్ మాత్రం ఇదే. 24 ఎపిసోడ్లుగా నకీకీ, అతను కొడుకులా పెంచిన జిమ్మీ డార్మొడీకీ మధ్య పేరుకుంటూ వచ్చినదంతా చివర్లో ఒకచోట తేలుతుంది. రాత్రి, జోరువాన, యుద్ధంలో పోయినవాళ్ల స్మారకం. నేను ముందే చూశాను కాబట్టి తెర వైపు కాదు, నాన్న ముఖం వైపు చూస్తున్నాను.

వాన మొదలవగానే తెరంతా బూడిదరంగు గళ్లు. మనుషుల ముఖాలు కూడా కనిపించలేదు. రెండు సెకన్లు ఆగింది, ఒక మాట సగం వినిపించింది, మళ్లీ ఆగింది. తర్వాత దానంతటదే మెనూకి వెళ్లిపోయింది. వెనక్కి తిప్పి పెట్టాం, తుడిచి పెట్టాం, లాప్‌టాప్‌లో పెట్టాం. అదే చోట అంతే. నాన్న కాసేపు చూసి, “పర్లేదులేమ్మా, నువ్వు నోటితో చెప్పు,” అన్నారు. ఆ సన్నివేశం నోటితో చెప్పేది కాదండీ. నాకు ఏడుపొచ్చింది.

లాప్‌టాప్‌లో పెట్టినప్పుడే అసలు సంగతి బయటపడింది. అది కంపెనీలో అచ్చయిన డిస్క్ కాదు, మనం ఇంట్లో రాసుకునే డీవీడీ-ఆర్ అని చూపించింది. తిప్పి చూస్తే అడుగు ఊదారంగులో ఉంది. మా ఇంట్లో ఉన్న అసలు సినిమా డీవీడీ పక్కన పెడితే ఆ అసలుది వెండిలా తెల్లగా మెరుస్తోంది. లైటు కింద రెండూ పట్టుకుంటే చిన్నపిల్లలకి కూడా తేడా తెలుస్తుంది.

ఇక లెక్క చూడండి. ఈ సిరీస్ మొత్తం 56 ఎపిసోడ్లు, సుమారు యాభై గంటలు. మా సెట్‌లో ఉన్నవి పది డిస్కులు. ఒక్కోదానిలో పట్టేది 4.7 జీబీ. అంటే గంట వీడియోకి ఒక జీబీ కూడా రాలేదు. రెండు గంటల సినిమా ఒక్కటే 8.5 జీబీ డిస్క్‌లో చాలావరకు నింపేస్తుంది. ఇంతలా కుదిస్తే పగటి సన్నివేశాలు ఎలాగో నెట్టుకొస్తాయి కానీ చీకటి, వాన, పొగ ఉన్నచోట బొమ్మ నిలవదు. ఈ సిరీస్‌లో సగం చీకటే. పెట్టె వెనక ఇంకో తప్పు కూడా ఉంది, అది కొనేముందే ఫొటోలో కనిపించే తప్పు. ఐదు సీజన్ల పక్కనా ‘12 ఎపిసోడ్లు’ అని వేశారు. మొదటి నాలుగు సీజన్లకే పన్నెండేసి. ఆఖరి సీజన్‌లో ఉన్నవి ఎనిమిదే. అసలు కంపెనీ తన సిరీస్‌లో ఎన్ని ఎపిసోడ్లున్నాయో తప్పు వేయదు కదా.

రిటర్న్ గడువు 30 రోజులు. పార్సిల్ వచ్చింది జూన్ 3న, మాకు తెలిసింది జూలై 6న. మూడు రోజులు దాటిపోయింది. నేను ఇంత వివరంగా రాస్తున్నది ఈ ఒక్క విషయం కోసమే. సినిమా డీవీడీ అయితే ఆ రాత్రే తెలిసిపోతుంది. సిరీస్ సెట్ అలా కాదు. రోజుకో ఎపిసోడ్ చూసుకుంటూ వెళ్తే మధ్యలో డిస్క్ పాడని తెలిసేసరికి నెల గడిచిపోతుంది, సెల్లర్ చేతులు దులిపేసుకుంటాడు. అందుకని పార్సిల్ వచ్చిన రోజే, ఎవరికి బహుమతి అయినా సరే, విప్పండి. విప్పుతున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ప్రతి డిస్క్ అడుగు చూడండి. ప్రతి డిస్క్‌లో ఆఖరి ఎపిసోడ్ పెట్టి చివరి పది నిమిషాలకి జరిపి చూడండి, అందులోనూ రాత్రి సన్నివేశాలు. గంట పడుతుంది, అంతే.

సెల్లర్‌కి రాస్తే మొదట వేరే ప్లేయర్‌లో ప్రయత్నించమన్నాడు. ఫొటోలు పంపాక 30 శాతం వెనక్కిస్తాను, చెడ్డ రివ్యూ పెట్టొద్దన్నాడు. ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే వ్యవహారం సెటిల్ అయిపోయిందని వాడి చేతికి మనమే రాసిచ్చినట్టు. ఆ తర్వాత వేరే దేశంలోని అడ్రసు ఒకటిచ్చి నా ఖర్చుతో వెనక్కి పంపమన్నాడు. పోస్టేజీయే సెట్ ఖరీదంత అవుతుంది. సైట్ వాళ్లు గడువు దాటిందని ఊరుకున్నారు.

క్రెడిట్ కార్డుతో కట్టడం మాత్రం మంచిదైంది. అమెరికాలో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి, ఆ ఖర్చు మొదటిసారి కనిపించిన స్టేట్‌మెంట్ పంపిన నాటి నుంచి 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసే హక్కు చట్టం ఇచ్చింది. సైట్ పెట్టుకున్న 30 రోజుల గడువుకీ దీనికీ సంబంధం లేదు. డిస్కుల ఫొటోలు, లాప్‌టాప్ స్క్రీన్‌షాట్, పెట్టె వెనక తప్పు, సెల్లర్ మెసేజీలు అన్నీ జతచేసి పంపాను. ప్రస్తుతానికి డబ్బు తాత్కాలికంగా వెనక్కి వేశారు, తుది నిర్ణయం రావాలి.

ఇండియాలో ఇలా జరిగితే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నకిలీ సరుకును వెనక్కి తీసుకోనని ఆన్‌లైన్ సెల్లర్ అనడానికి వీల్లేదు. ఫిర్యాదులో ‘నకిలీ’ అనే మాట స్పష్టంగా రాయండి. ‘సరిగా ఆడటం లేదు’ అని రాస్తే ప్లేయర్ లోపం అని తప్పించుకుంటారు.

నాన్న ఫ్లైట్ ఎక్కే ముందు రోజు రాత్రి స్ట్రీమింగ్‌లో ఆ ఎపిసోడ్ మొదటి నుంచీ పెట్టాను. వాన పడుతున్నంతసేపూ ఆయన మాట్లాడలేదు. పేర్లు పడుతుండగా లేచి నీళ్లు తాగొచ్చి, “ఆ పిల్లాడికి ముందే తెలుసమ్మా,” అన్నారు. మిగతా మూడు సీజన్లూ చూడకుండానే కావలి వెళ్లిపోయారు. నిజమైన సెట్ ఒకటి దొరికితే, ఈసారి ప్రతి డిస్కూ చూసి, అక్కడ ఆడే ప్లేయర్‌తో సహా పంపుతాను.

నిన్న మళ్లీ వెతికితే అదే సెట్, అవే ఫొటోలు, వేరే సెల్లర్ పేరుతో కనిపించాయి. ధర రెండు డాలర్లు తగ్గించారు. వెనక అట్ట ఫొటో పెద్దది చేసి చూశాను. ఐదో సీజన్ పక్కన ఇంకా 12 అనే ఉంది.