మార్టినీ-హెన్రీ కొంటున్నారా? కుడి పక్క ఫొటో చూడందే డబ్బు కట్టకండి

పాత సైనిక తుపాకులు సేకరించే మనవాళ్లకి, ముఖ్యంగా అమెరికాలో ఉండి ఆన్‌లైన్ వేలాల్లో కొనేవాళ్లకి ఈ హెచ్చరిక. విక్టోరియా రాణి కాలంలో బ్రిటిష్ సైన్యం వాడిన మార్టినీ-హెన్రీ రైఫిల్ పేరుతో నకిలీ సరుకు అంటగట్టే ఒక అమ్మకందారుతో నాకు పెద్ద గొడవే అయింది. నేను తిప్పి పంపిన తుపాకీనే కొత్త కథ తగిలించి అతను మళ్లీ వేలానికి పెట్టాడు. ఈసారి ఎవరి నెత్తిన పడుతుందో తెలీదు. పేరు రాయను. ఇలాంటి సరుకు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు, సరుకుని గుర్తుపట్టగలిగితే అమ్మేది ఎవరైనా ఇబ్బంది లేదు.

నేను కొన్నప్పుడు వేలం పేజీ వివరణలో రాసింది ఇదీ: ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీలో 1870ల్లో తయారైన మార్క్ 2 (రెండో నమూనా) మార్టినీ-హెన్రీ. 1880 జులై 27న అఫ్గానిస్తాన్‌లోని మైవంద్ యుద్ధంలో భారత సిపాయి దగ్గర్నుంచి అఫ్గాన్లు లాక్కున్నది. తర్వాత కాలంలో కాబూల్‌లో పనిచేసిన అమెరికన్ సైనికుడు కొని తెచ్చుకున్నది. ధర 1,150 డాలర్లు. ఎడమ పక్క, బట్ (భుజానికి ఆనించే చెక్క భాగం), ట్రిగ్గర్ కింది లివర్, గొట్టం మూతి అన్నీ చక్కగా ఫొటో తీశారు. రిసీవర్, అంటే తూటా పెట్టే యంత్రం ఉన్న ఇనప పెట్టె, దాని కుడి పక్క మాత్రం ఫ్లాష్ పడి తెల్లగా మెరిసిపోయింది. ఇంకో ఫొటో పంపమంటే "ప్యాకింగ్ అయిపోయింది, నచ్చకపోతే వెనక్కి పంపండి" అని జవాబు. మనీ ఆర్డర్ పంపితే 50 డాలర్లు తగ్గిస్తామని కూడా ఊరించారు. వాపసు హామీ రాతలో ఉంది కాబట్టి ఆ తగ్గింపు వద్దని కార్డు మీదే కట్టాను.

ముందు ఆ కథ సంగతి చూద్దాం. 1857 తర్వాత బ్రిటిష్‌వాళ్లు భారత సిపాయిలకి తమ సైనికుల కంటే ఒక తరం పాత ఆయుధాలే ఇచ్చేవారు. మైవంద్‌లో మార్టినీ-హెన్రీలు ఉన్నది బ్రిటిష్ 66వ రెజిమెంటు దగ్గర. బాంబే గ్రెనేడియర్లు, జేకబ్స్ రైఫిల్స్ సిపాయిల చేతుల్లో ఉన్నవి అంతకుముందు తరం స్నైడర్ రైఫిళ్లు. మైవంద్, సిపాయి, మార్టినీ మూడూ ఒకే వాక్యంలో కనబడితే అమ్మేవాడికి చరిత్ర రాదన్నమాట, లేదా మనకి రాదని అతని నమ్మకం. నిజంగా మైవంద్‌లో పోయిన తుపాకులు లేకపోలేదు. కానీ కథకి ధర కట్టడం మొదలుపెడితే దానికి అంతు ఉండదు.

పెట్టె రాగానే కుడి పక్కని టేబుల్ లైటు కింద పెట్టి చూశాను. అసలైన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మీద అక్కడ పైన కిరీటం, దాని కింద వీ.ఆర్. అంటే విక్టోరియా రాణి గుర్తు, ఆ కింద ఎన్‌ఫీల్డ్ పేరు, సంవత్సరం, మార్కు నంబరు ఉంటాయి. అక్షరాలన్నీ ఒకే లోతులో, తిన్నగా ఉంటాయి. దీని మీద కిరీటం బోర్లించిన గిన్నెలా ఉంది. ఎన్‌ఫీల్డ్ పేరులోని ఇంగ్లిష్ ఎన్ అక్షరం అడ్డగీత ఎదురు వైపుకి వాలి ఉంది. చివరి రెండు అక్షరాలు కిందికి జారాయి. సంవత్సరం 1882. మైవంద్ జరిగిన రెండేళ్లకి తయారైన తుపాకీ మైవంద్‌లో ఎలా పట్టుబడిందో అమ్మినాయనే చెప్పాలి.

రిసీవర్ కుడి పక్కన కన్నీటిబొట్టు ఆకారంలో చిన్న సూచిక ఉంటుంది. లివర్ కిందికి లాగినప్పుడు అది తిరిగి, తుపాకీ పేలడానికి సిద్ధంగా ఉందని చెబుతుంది. దీంట్లో లివర్ ఎన్నిసార్లు లాగినా ఆ బొట్టు కదల్లేదు. చూడ్డానికి ఉండాలి కాబట్టి బిగించారంతే. గొట్టంలోకి లైటు వేస్తే గుండుని తిప్పడానికి హెన్రీ పద్ధతిలో ఉండాల్సిన ఏడు గాడులు లేవు, అరిగినట్టున్న ఐదు గీతలు కనబడ్డాయి. ఎన్‌ఫీల్డ్ తనిఖీదారులు ఒక్కో భాగం మీద కొట్టే చిన్న కిరీటం, అంకె, ఇంగ్లిష్ 'ఈ' (E) అక్షరం ముద్రలు ఎక్కడా లేవు. స్క్రూల తలల మీద గాడులు ఆకురాయితో వంకరగా కోసినవి.

ఇవి ఎక్కడివో ఈ రంగంలో ఉన్నవాళ్లకి తెలిసిందే. పాకిస్తాన్‌లో పెషావర్‌కి దక్షిణాన, కోహాట్ దారిలో ఉన్న దర్రా ఆదమ్ ఖేల్, ఆ చుట్టుపక్కల కార్ఖానాల్లో తరాలుగా చేత్తో తుపాకులు చేస్తున్నారు. ఖైబర్ కనుమ ఉన్న ఆ ప్రాంతం పేరుతోనే వీటిని ఖైబర్ పాస్ కాపీలు అంటారు. ఇంగ్లిష్ రాని పనివాడు అక్షరాన్ని బొమ్మలా చూసి చెక్కుతాడు, తిరగబడ్డ ఎన్ అలా వస్తుంది. వీ.ఆర్. అని కొట్టి కింద 1907, 1919 లాంటి సంవత్సరాలు వేసినవీ ఉంటాయి. విక్టోరియా 1901 జనవరిలోనే పోయిందన్న సంగతి వాళ్లకి అక్కర్లేదు. నిజానికి ఆ పనితనం అంటే నాకు గౌరవమే. ఆకురాయితో అంత పని చేయడం మాటలు కాదు. ఖైబర్ కాపీ అని నిజం చెప్పి తగిన ధరకి అమ్మితే నేనే కొని గోడకి తగిలించుకుంటాను. పేల్చడం మాత్రం వద్దే వద్దు. మార్టినీ తూటాలో 85 గ్రెయిన్ల (సుమారు ఐదున్నర గ్రాముల) నల్లమందు, 480 గ్రెయిన్ల (సుమారు 31 గ్రాముల) సీసపు గుండు ఉంటాయి. ఏ ఇనుముతో చేశారో తెలియని రిసీవర్‌ని కంటికి దగ్గరగా పెట్టుకుని దాన్ని పేల్చడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

నా తుపాకీతో పాటు అమెరికన్ సైన్యం ఇచ్చిన యుద్ధ జ్ఞాపిక కాగితం కూడా వచ్చింది. అమ్మేవాళ్లు దీన్ని పెద్ద రుజువులా చూపిస్తారు. సైనికుడు ఆ వస్తువుని ఇంటికి తెచ్చుకోవడానికి దొరికిన అనుమతి అది. ఎన్‌ఫీల్డ్‌లో తయారైందని ఆ కాగితం ఎక్కడా చెప్పదు.

ఇక టెన్షన్ పెట్టే విషయం చట్టం. 1968 నాటి అమెరికా ఫెడరల్ తుపాకుల చట్టం ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనది యాంటిక్. అది మామూలు తుపాకీ లెక్కలోకి రాదు. లైసెన్సు ఉన్న డీలర్ ద్వారా వెళ్లకుండా ఇంటికి పార్సిల్ తెప్పించుకోగలిగేది అందుకే. కానీ చట్టం అడిగేది తయారైన సంవత్సరం. 1882 అని కొట్టి 1950లోనో 2005లోనో చేసిన కాపీ, మీద ఉన్న ముద్ర చూసి యాంటిక్ అయిపోదు. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఆ వీసాలవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. యాంటికే కదా అని కొన్నది కాదని తేలితే పోయేది 1,150 డాలర్లతో ఆగదు. రాష్ట్రాల చట్టాలు వేరే, అవి కూడా చూసుకోండి.

వాపసు అడిగితే మొదట "యాంటిక్ వస్తువులు ఉన్నది ఉన్నట్టే అమ్ముతాం" అన్నాడు. తర్వాత, తాను "అని నమ్ముతున్నాం" అనే రాశానన్నాడు. నిజమే, మైవంద్ దగ్గర ఆ మాట ఉంది. ఎన్‌ఫీల్డ్ తయారీ అన్న చోట లేదు. ఆ పేజీ స్క్రీన్‌షాట్లు, తిరగబడ్డ ఎన్ దగ్గరి ఫొటో కలిపి కార్డు కంపెనీకి పంపాక దారికొచ్చాడు. రెండు వైపులా పార్సిల్ ఖర్చు నాకే పడింది.

ఇప్పుడు అదే తుపాకీ నేపాల్ ఆయుధాగారం నుంచి వచ్చిందని రాశాడు. బట్ మెడ దగ్గర ఇత్తడి తీగ చుట్టిన పగులు చూసి గుర్తుపట్టాను. కాఠ్మండులోని లగన్ సిలేఖానా అనే పాత ఆయుధాగారం నుంచి 2003లో నేపాల్ సైన్యపు పాత తుపాకులు వేల సంఖ్యలో అమెరికా మార్కెట్‌కి వచ్చిన మాట నిజం. అందుకే ఈ కథ సులభంగా చెల్లుతుంది. అక్కడి బ్రిటిష్ రైఫిళ్ల మీద చాలావాటికి దేవనాగరి అంకెలు, అక్షరాలు కొట్టి ఉంటాయి. అంతదాకా ఎందుకు, ఎన్‌ఫీల్డ్ ముద్ర తప్పుగా ఉంటే నేపాల్ నుంచి వచ్చినా లండన్ నుంచి వచ్చినా అది ఎన్‌ఫీల్డ్ కాదు. ఫ్లాష్ లేకుండా కుడి పక్క, గొట్టం వెనక భాగంలో ముద్రలు, గొట్టం లోపలి గాడులు, లివర్ లాగుతున్న చిన్న వీడియో అడగండి. అసలు సరుకు ఉన్నవాడు అడక్కుండానే ఇవన్నీ పెడతాడు.

ఇండియాలో కొనాలనుకునేవాళ్లకి ఒక మాట. "పాతది కదా, లైసెన్సు అక్కర్లేదు" అని అమ్మేవాళ్లు చెబుతారు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకి మినహాయింపు ఉన్నమాట నిజమే గానీ, అది మరమ్మతు చేసినా పేలని వాటికి మాత్రమే. చిన్న రిపేరుతో పేలే తుపాకీ నిజాం కాలం నాటిదైనా లైసెన్సు కావాల్సిందే. వందేళ్లు దాటినదాన్ని దేశం దాటించడం 1972 పురావస్తువుల చట్టం కింద ప్రైవేటు వ్యక్తులకి కుదరదు. కాబట్టి తాతగారి తుపాకీని డాలస్‌కో న్యూజెర్సీకో తెచ్చుకునే ఆలోచన మానుకోండి. హైదరాబాద్‌లో అయితే పోలీస్ కమిషనర్ ఆఫీసులో, జిల్లాల్లో కలెక్టరేట్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకున్నాకే ఎవరికైనా అడ్వాన్సు ఇవ్వండి.