ఫెరోప్టోసిస్‌కు రెండు దారులు: ఎరాస్టిన్, ఆర్‌ఎస్‌ఎల్3

ఇనుము వల్ల కణపు పొరలోని కొవ్వులు ఆక్సీకరణ చెంది కణం చనిపోవడమే ఫెరోప్టోసిస్. దాన్ని అడ్డుకునే ప్రధాన ఎంజైమ్ జీపీఎక్స్4. క్యాన్సర్ కణాల్లో ఈ కాపలాను తప్పించడమే ఎరాస్టిన్, ఆర్‌ఎస్‌ఎల్3 అనే రెండు మందుల పనీ.

ఎరాస్టిన్ ఎంజైమ్‌ను తాకదు. కణంలోకి సిస్టీన్ అనే అమైనో ఆమ్లం వచ్చే దారిని మూసేస్తుంది. సిస్టీన్‌తో తయారయ్యే గ్లూటాథయోన్ జీపీఎక్స్4 పనికి అవసరం. అది అడుగంటాకే జీపీఎక్స్4 చేతులెత్తేస్తుంది. అందుకే హెచ్‌టీ-1080 అనే మానవ క్యాన్సర్ కణాలకు 10 మైక్రోమోలార్ గాఢతలో ఇచ్చినా చాలా గంటలు ఆగాలి. ఆర్‌ఎస్‌ఎల్3 నేరుగా ఎంజైమ్‌లోని సెలీనియం ఉన్నచోట అతుక్కుంటుంది. 1 మైక్రోమోలార్‌తోనే కొద్ది గంటల్లో కణాలు పోతాయి.

ఎరాస్టిన్ పనిచేయలేదంటే ముందు కణాలను పెంచే ద్రవాన్ని (మీడియం) చూడండి. అందులో బీటా-మెర్కాప్టోఇథనాల్ అనే రసాయనం ఉంటే సిస్టీన్ వేరే దారిలో లోపలికి చేరుతుంది. కణాలు మరీ ఒత్తుగా పెరిగితే రెండు మందులూ మొండికేయవచ్చు. ఏది వాడినా పక్కనే ఫెరోప్టోసిస్‌ను ఆపే ఫెరోస్టాటిన్-1ను 1 మైక్రోమోలార్ కలిపిన గుంట (కణాలు పెంచే పళ్లెంలోని గది) తప్పనిసరి. అందులోనూ కణాలు చనిపోతే అది ఫెరోప్టోసిస్ కాదు.

చికిత్స మాటకొస్తే నా మొగ్గు ఎరాస్టిన్ దారికే. జీపీఎక్స్4 లేని ఎలుక పిండాలు బతకవు, పెద్ద ఎలుకల్లో తీసేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. సిస్టీన్ ద్వారం లేని ఎలుకలు మాత్రం బతుకుతాయి. కాకపోతే ఎరాస్టిన్ శరీరంలో నిలవదు. ఎలుకల ప్రయోగాలకు దాని మార్పు రూపం ఐకేఈ మేలు.