బ్రాడీపేటలో సైకాలజీ ట్యూషన్: ఏడాదిన్నర చూశాక రాస్తున్నాను

మా అమ్మాయి సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి. లెవెన్త్‌లో హ్యుమానిటీస్ తీసుకుని, అందులో సైకాలజీ కావాలంది. ఎంపీసీ, బైపీసీ తప్ప మూడో మాట వినపడని మా గుంటూరులో ఈ సబ్జెక్టు చెప్పేవాళ్ళను వెతకడానికే రెండు నెలలు పట్టింది. మొదట చేర్చిన చోట గైడ్‌లో ప్రశ్నలకు టిక్కులు పెట్టి బట్టీ పట్టమన్నారు. నెల తిరక్కుండానే మాన్పించేశాం. తర్వాత తెలిసినవాళ్ళు చెబితే బ్రాడీపేటలో ఒక మేడమ్ దగ్గర చేర్చాం.

మేడ మీద ఒక గది, కింద చాపలు, ఒక బోర్డు, ఆరుగురు పిల్లలు. శని, ఆదివారాల్లో క్లాసులు, నెలకు 2,000 రూపాయలు. పుస్తకమూ పరీక్షా ఇంగ్లీషులోనే అయినా, ఆవిడ ఏ విషయమైనా ముందు తెలుగులో చెబుతారు. నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే శిక్ష అనుకుని మా అమ్మాయి ప్రతిసారీ తప్పు రాసేది. "దోమలు కుడుతుంటే ఫ్యాన్ వేశావు, బాధ తప్పింది. మర్నాడు దోమ కనపడగానే చెయ్యి స్విచ్ మీదికి పోతుంది. ఇందులో నిన్నెవరు కొట్టారు?" అన్నారట. అంటే శిక్ష కాదు, బాధ తప్పించిన పనినే మళ్ళీ మళ్ళీ చెయ్యడం అన్నమాట. అమ్మాయి ఆ తప్పు మళ్ళీ రాయలేదు.

నాకు బాగా నచ్చింది జ్ఞాపకశక్తి పాఠం. అది ఇంట్లో ఎవరి మీదైనా చేసి చూడమన్నారు. మా అత్తగారిని కూర్చోబెట్టి, "నానమ్మా, నేను చదివాక గుర్తున్నవి చెప్పు" అంది అమ్మాయి. "పరీక్ష నాకా నీకా తల్లీ?" అంటూనే ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. పదహారు మాటలు చదివితే మొదటి మూడు, చివరి నాలుగు చెప్పారు. నడిమివి ఒక్కటీ రాలేదు. రెండో జాబితాలో కూరగాయలు, పూలు, వంటపాత్రలు, చుట్టరికాల పేర్లు నాలుగేసి కలగాపులగంగా ఉన్నాయి. ఆవిడ మాత్రం కూరగాయలన్నీ ఒక్కసారే అప్పజెప్పి, తర్వాత పాత్రల్లోకి వెళ్ళారు. పదమూడు చెప్పారు! బౌస్‌ఫీల్డ్ అనే సైకాలజిస్టు 1953లో పేర్లు, జంతువులు, వృత్తులు, కూరగాయలు పదిహేనేసి, మొత్తం 60 మాటలు కలిపేసి వినిపించి చూసింది ఇదేనట. వినేవాళ్ళు వాటిని రకాలవారీగా సర్దుకుని చెబుతారు. ఆ రోజు నుంచీ అమ్మాయి హిస్టరీ నోట్సు కూడా గుంపులు కట్టి రాసుకుంటోంది. ప్రయోగం కాగితం మీద నానమ్మ పేరు రాయనివ్వలేదు మేడమ్. ముందు ఆవిడను అడిగి, ఒప్పుకున్నాకే చెయ్యమన్నారు.

ఈ ఏడాది మానసిక రుగ్మతల పాఠం మొదలైన రోజు ఇంటికి వస్తూనే "నాన్నకి ఓసీడీ" అంది. అంటే ఒకే ఆలోచన వదలక, చేసిన పనే పదేపదే చేయించే రుగ్మత. మా ఆయన రాత్రి తాళం రెండుసార్లు లాగి చూస్తారు. మరుసటి క్లాసులో మేడమ్ జబ్బు పేరు పక్కన పెట్టి, కళ్ళతో చూసింది మాత్రమే రాయమన్నారు. "రెండుసార్లు లాగి చూసి పడుకుంటారు" అని రాసింది. దాంతో ఆయనకు బాధ ఉందా, నిద్ర చెడుతోందా, పనులు ఆగుతున్నాయా, ఎవరికైనా ప్రమాదమా అని ఒక్కొక్కటే అడిగారట. ఏదీ లేదు. మా వీధిలో దొంగతనం జరిగినప్పటి నుంచి వచ్చిన అలవాటది. అమ్మాయి ఆ రాత్రి వాళ్ళ నాన్నకు సారీ చెప్పింది. ఎవరికి ఏ జబ్బో తేల్చాల్సింది డాక్టర్లే అని చెప్పి, ఆ పాఠం నడిచినన్నాళ్ళూ బోర్డు మూల 14416 చెరపలేదట ఆవిడ. అది టెలీ మానస్ నంబరు, మానసిక ఆరోగ్యం కోసం కేంద్రం 2022లో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సహాయం. నా ఫోన్‌లో కూడా సేవ్ చేసుకున్నాను.

లోపాలూ చెప్పాలి. థియరీకి 70 మార్కులైతే ప్రాక్టికల్‌కి 30. ఆ రికార్డు పనిని మేడమ్ చివరిదాకా లాగారు. కిందటేడు జనవరిలో రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని రాస్తుంటే అమ్మాయికీ నాకూ ఒకటే టెన్షన్. ఈసారి దసరా సెలవుల్లోనే మొదలుపెట్టించమని నేనే అడిగాను, సరేనన్నారు. టైమ్ పెట్టి జవాబులు రాయించడం కూడా తక్కువే. అది మేం ఇంట్లో చేయించుకున్నాం. మెట్లు ఇరుకు, బండి పెట్టడానికి చోటు లేదు.

మా చెల్లెలి కూతురు వచ్చే ఏడు లెవెన్త్‌కి వస్తోంది. దాని కోసం ఇప్పుడే వెళ్ళి అడిగి వచ్చాను. ఆరుగురికి మించి తీసుకోరట, వచ్చే ఏటి బ్యాచ్‌లో ఇంకా నాలుగు సీట్లున్నాయి.