చేనేత ప్రదర్శనల్లో ‘పెడన కలంకారీ’ కొంటున్నారా? బొంతలు కుట్టేవారికి ఒక హెచ్చరిక

ఎర్ర నేల మీద నల్ల నెమళ్లు, అంచు పొడవునా మామిడి పిందెలు. మీటరు 320 రూపాయలు. ‘పెడనలో చేత్తో అద్దినది, రంగు పోదు’ అని చెప్పి అమ్ముతున్నారు. ఈ గుడ్డ ఏ ప్రదర్శనలోనైనా కనిపిస్తే కొనకండి. ఇప్పటికే కొని ఉంటే మరో గుడ్డతో కలిపి కుట్టకండి. కుట్టేసి ఉంటే మాత్రం తడపకముందే నాకు జరిగింది చదవండి.

నేను పదకొండేళ్లుగా బొంతలు కుడుతున్నాను. అమ్మడానికి కాదు, ఇంట్లోవాళ్లకూ కావలసినవాళ్లకూ ఇవ్వడానికి. మా అమ్మ పాత చీరలు నాలుగు మడతలు పరిచి, చుట్టూ కూర్చున్న ఆడవాళ్లందరి చేతా టాకాలు వేయించేది. అందులో దూది ఉండేది కాదు, చీర మీద చీర, అంతే. నేను అదే పద్ధతిలో, పైపొర మాత్రం చదరాలుగా కత్తిరించి అతుకుతాను. రెండేళ్ల కిందట అమ్మ పోయాక ఆమె బీరువాలోని నూలు చీరలు మా అక్కచెల్లెళ్లం పంచుకోలేకపోయాం. ఎవరు ఏది తీసుకున్నా మిగతావాళ్లకు లోటే కదా. అందుకని అన్నీ నాకే ఇచ్చారు. మూడు బొంతలు కుట్టాలి, ప్రతి బొంతలోనూ ప్రతి చీరా ఉండాలి, ఇదీ మా ఒప్పందం.

మొదటిది అక్క మనవరాలి తొలి పుట్టినరోజుకు. నడుమ అమ్మ వెంకటగిరి తెల్ల చీర, దాని చుట్టూ నిజాం అంచున్న మంగళగిరి ఆకుపచ్చ, ఆ చుట్టూ ఆమె వంటింట్లో కట్టుకున్న గళ్ల చీరలు. మెత్తబడిన ఆ నూలు సూదికి వెన్నలా లొంగుతుంది. చేతికుట్టుతో నాలుగు నెలలు పట్టింది. చుట్టూ అంచుకు, వెనక పొరకు కొత్త గుడ్డ కావలసి వచ్చింది. పొరపాటంతా అక్కడే జరిగింది.

వదిన, కోడలు, నేను ఏడాదికి రెండు మూడు ప్రదర్శనలకు కలిసి వెళతాం. పొద్దున్నే ఇంట్లో పులిహోర కలుపుకొని బయలుదేరి సాయంత్రానికి సంచులతో తిరిగి రావడం మా ముగ్గురికీ పండగ. ఈసారి వెళ్లింది హైదరాబాదులో ఒక కల్యాణ మండపం అద్దెకు తీసుకొని పది రోజులు నడిపిన ‘చేనేత, హస్తకళల ప్రదర్శన, అమ్మకం’. నలభై దాకా దుకాణాలు. ఆ దుకాణదారు మాట మర్యాదగా ఉంది. వెనక కట్టిన పెద్ద బ్యానరు మీద ప్రభుత్వ చేనేత గుర్తు (హ్యాండ్లూమ్ మార్క్) ముద్రించి ఉంది. “అమ్మా, మా ఇంటి మగ్గమే, మా నాన్నగారి అద్దకమే” అన్నాడు. ఐదున్నర మీటర్లు తీసుకున్నాను. 1760 రూపాయలు ఫోనులోనే పంపాను. రసీదు అడిగితే చిన్న చీటీ మీద మొత్తం రాసి ఇచ్చాడు. అందులో దుకాణం పేరు లేదు, చిరునామా లేదు, జీఎస్టీ నంబరు లేదు. కోడలు “అత్తయ్యా, సరైన బిల్లు అడుగుదామా?” అంది. వెనక జనం తోసుకుంటున్నారని నేనే వద్దన్నాను.

పుట్టినరోజుకు వారం ముందు బొంతను మొదటిసారి తడిపాను. చల్లటి నీళ్లు, పిల్లల బట్టలకు వాడే సబ్బు. పది నిమిషాల్లో బకెట్ నీళ్లు కుంకుమ కలిపినట్టయ్యాయి. పైకి తీసి చూస్తే వెంకటగిరి తెలుపు నిండా ఎర్రటి చారలు. అంచు దగ్గర మొదలై నడిమికి పాకాయి. అమ్మ ఆ చీరను చిన్న చెల్లెలి పెళ్లిలో కట్టుకుంది. నేను అక్కడే స్నానాల గదిలో కూర్చుండిపోయాను.

ఇలాంటప్పుడు చేయకూడని పని ఆరబెట్టడం. ఎండలో ఆరినా ఇస్త్రీ తగిలినా మరక మరింత గట్టిపడుతుంది. నా అదృష్టం కొద్దీ ఆ సంగతి తెలుసు. 2019లో చెన్నైలో జరిగిన ఇండియా క్విల్ట్ ఫెస్టివల్‌కు చెల్లెలితో కలిసి వెళ్లినప్పుడు అక్కడివాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. పెద్ద తొట్టి నిండా చేయి ఓర్చుకోలేనంత వేడి నీళ్లు పోసి, గిన్నెలు తోమే ద్రవ సబ్బు కలిపి, బొంత మొత్తం మునిగేలా రాత్రంతా ఉంచాలి. నీళ్లు ఎర్రబడితే పారబోసి మళ్లీ పోయాలి. నీళ్లు ఎంత ఎక్కువుంటే ఊడిన రంగు మళ్లీ గుడ్డను పట్టుకునే అవకాశం అంత తక్కువ. ఐదుసార్లు మార్చాను. చారలు లేత గులాబీకి దిగాయి, పూర్తిగా పోలేదు.

కల్లుప్పు, వెనిగర్ వేసి నానబెడితే రంగు నిలుస్తుందని నాకు చాలామంది చెప్పారు. మీకూ చెబుతారు. రంగు వేసే సమయంలో ఉప్పుకు పని ఉంటుంది. సరిగా పట్టని రంగును, గుడ్డ మన చేతికి వచ్చాక, ఉప్పుతో నిలబెట్టలేం. దాన్ని నమ్మి సమయం పోగొట్టుకోకండి.

మర్నాడు ప్రదర్శన జరిగిన చోటికి వెళ్లాను. అప్పటికి అది ముగిసి మూడు నెలలు దాటింది. మండపం వాళ్లు తమకు అద్దె తప్ప మరో సంబంధం లేదన్నారు. నిర్వాహకుల నంబరు ఇచ్చారు, వాళ్లు దుకాణదారు నంబరు ఇచ్చారు. అతను ఒక్కసారి ఫోను ఎత్తి “మీరు వేడి నీళ్లలో ఉతికుంటారు” అన్నాడు. చల్లటి నీళ్లని చెప్పేలోపే పెట్టేశాడు. ఆ తరువాత ఎత్తలేదు.

అప్పుడు నేనూ వదినా పెడన వెళ్లాలని నిర్ణయించుకున్నాం. నష్టపోయింది ఎలాగూ నష్టపోయాను, కనీసం అసలు గుడ్డ ఎలా ఉంటుందో కళ్లారా చూడాలనిపించింది. రాత్రి రైలులో మచిలీపట్నం, అక్కడినుంచి బస్సు. ఆ రోజంతా అద్దకం చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాం. ఇన్నేళ్లుగా ఆ గుడ్డలు కొంటూ కూడా నాకు తెలియని విషయాలు ఒక్క పూటలో అర్థమయ్యాయి.

అక్కడ గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు. అందుకే అసలు కలంకారీ నేల పాలపొంగులా తెల్లగా ఉండదు, కొంచెం పసుపుచాయలో ఉంటుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవంతో నలుపు అద్దుతారు. అది కరక్కాయ తగిలిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. ఎరుపు సంగతి మరీ ఆశ్చర్యం. అద్దేటప్పుడు అక్కడ ఎరుపే ఉండదు, పటిక నీళ్లే ఉంటాయి. ఆ తరువాత కాలువ నీళ్లలో జాడించి, రాగి డేగిసాలో రంగుతో ఉడకబెట్టినప్పుడు పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. పట్టుకోనిది మిగతా గుడ్డ మీది నుంచి కడుగులో పోతుంది. ఇన్నిసార్లు ఉడికి, ఉతికి, ఎండిన గుడ్డ మన బకెట్లో ఇంకెంత వదులుతుంది? మొదటి ఉతుకులో కొద్దిగా వదలవచ్చని ఆ పెద్దాయనే చెప్పాడు. కానీ పక్క గుడ్డను ముంచెత్తేంత కాదు.

నా సంచిలోని ఎర్ర ముక్క ఆయన చేతికిచ్చాను. తిప్పి వెనకవైపు చూసి వెంటనే పక్కన పెట్టాడు. “ఇది అచ్చు కాదమ్మా, యంత్రం మీద వేసింది” అన్నాడు. ఎలా తెలిసిందని అడిగితే తన గుడ్డను పక్కన పరిచి చూపించాడు. టేకు అచ్చును చేత్తో దించినప్పుడు ఒక అచ్చు ముగిసి మరొకటి మొదలయ్యే చోట వెంట్రుకవాసి ఖాళీయో, కొంచెం ఎక్కడమో ఉంటుంది. నా గుడ్డలో ఐదున్నర మీటర్లూ ప్రతి నెమలీ ఒకే చోట, ఒకే గీతతో, ఎక్కడా అతుకు లేకుండా ఉంది. అచ్చులో రంగు వెనకవైపుకు దిగుతుంది. నా గుడ్డ వెనక వెలవెలబోతోంది. రంగు పడకుండా తెల్లగా మెరుస్తున్న చోట కరక్కాయ జాడే లేదు.

యంత్రం మీద వేసిన గుడ్డ కొనడం తప్పని నేను అనడం లేదు. 100 రూపాయల గుడ్డను 100 రూపాయల గుడ్డని చెప్పి అమ్మితే పేచీ లేదు. ఎండలో కాలువలో నడుములోతు నిలబడి జాడించేవారి పేరు చెప్పి, వాళ్లకు రూపాయి చేరని సరుకు అమ్మడం నాకు భరించరానిదిగా ఉంది.

మరో సంగతి కూడా అక్కడే తెలిసింది. చేనేత గుర్తు 2006లో వచ్చింది. అది గుడ్డను చేతిమగ్గం మీద నేశారని మాత్రమే చెబుతుంది, అద్దకం గురించి ఏమీ చెప్పదు. పైగా అది సరుకుకు కట్టిన చీటీ మీద ఉండాలి, దుకాణం బ్యానరు మీద ఉంటే లాభం లేదు. అదే దుకాణంలో వదిన కొన్న ‘పోచంపల్లి’ గుడ్డ కూడా ముద్రణే అని ఇంటికి వచ్చాక గమనించాం. పోచంపల్లిది ఇక్కత్ నేత. అందులో నూలుకే ముందు ముడులు వేసి రంగులద్ది తరువాత నేస్తారు కాబట్టి బొమ్మ రెండువైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. వదిన గుడ్డ వెనక తెల్లగా ఉంది.

ఇకమీదట నేను చేసే పని ఇది. ఏ కొత్త గుడ్డయినా ముందు పావు మీటరే కొంటాను. దుకాణంలోనే తడి చేసిన తెల్ల రుమాలుతో ఒక మూల గట్టిగా రుద్దుతాను. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అక్కడే సమాధానం దొరికినట్టు. ఇంటికి తెచ్చాక అరచేయంత ముక్కను తెల్ల నూలుతో కలిపి సబ్బు నీళ్లలో అరగంట నానబెట్టి, రెండూ అంటుకుని ఉండగానే ఆరనిస్తాను. తెల్ల ముక్క తెల్లగా ఉంటేనే మిగతా గుడ్డ. నూలేనా అని అనుమానముంటే రెండు పోగులు లాగి కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి నల్లపూసలా ముడుచుకుంటుంది. ఏదైనా సరే, పాత చీరల పక్కన పెట్టే ముందు రెండుసార్లు ఉతకాల్సిందే. కొత్త నూలు కుంచించుకుపోతుంది కూడా, అతికిన పాత గుడ్డను లాగేసి చింపుతుంది.

బిల్లు విషయంలో నాలా మొహమాటపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడమూ అంతే. నేను మూడు నెలలు తడపకుండా ఉంచి ఆ అవకాశం పోగొట్టుకున్నాను. మీరు కొన్న వారంలోనే పరీక్షించండి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు, రెండేళ్ల వరకు సమయం ఉంటుంది, మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. నేను 1915లో నమోదు చేశాను. ఫోనులో పంపిన సొమ్ము వివరం, ఆ చీటీ ఫొటో, తడిసిన బొంత ఫొటో జతచేశాను. ఇంకా జవాబు రాలేదు, వస్తే ఇక్కడే రాస్తాను.

ఎర్ర అంచంతా కుట్టు విప్పి తీసేశాను. పెడనలో ఆ పెద్దాయన దగ్గర కొన్న గుడ్డను రెండుసార్లు ఉతికి కొత్త అంచు వేస్తున్నాను, ఇప్పటికి రెండు వైపులు అయింది. పుట్టినరోజు దాటిపోయింది. గులాబీ చారలున్న వెంకటగిరి ముక్కను మార్చనా అని అక్కను అడిగితే, అమ్మ చీర తీయవద్దంది.