పై అంతస్తు ఫ్లాట్‌లో బూస్టర్ పంపు: సుమారు ఐదేళ్లు వాడాక

మాది వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, అందులో చివరి అంతస్తు. నెత్తి మీదే ట్యాంకు పెట్టుకుని నీళ్లు రావట్లేదంటారేమిటని చుట్టాలు నవ్వుతారు. నెత్తి మీద ఉండటమే అసలు సమస్య. నీళ్లకు పది మీటర్ల ఎత్తు దొరికితే సుమారు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. మా షవర్‌కీ ట్యాంకు అడుగుకీ మధ్య రెండు మీటర్లు కూడా లేదు, అంటే 0.2 బార్ లోపే. మొదటి అంతస్తు ఆంటీ గారింట్లో సింకు కొళాయి తిప్పితే నీళ్లు చీర మీదికి చిందుతాయి. మా షవర్ మాత్రం గోడ పట్టుకుని కారేది. ఇరవై లీటర్ల బకెట్ నిండటానికి నాలుగు నిమిషాలు. వాషింగ్ మెషిన్ నీళ్లు అందట్లేదని ఎర్రర్ చూపించి మధ్యలో ఆగిపోయేది.

చివరికి ప్రెషర్ పెంచే బూస్టర్ పంపు పెట్టిద్దామనుకున్నాం. బిగించడానికి వచ్చిన ప్లంబరు ముందు పంపు డబ్బా విప్పలేదు. బాత్రూం కొళాయి మూతి తిప్పి లోపలి జాలీ తీసి నా చేతిలో పెట్టాడు. బోరు నీళ్ల సున్నం దాని మీద తెల్లగా గట్టిపడిపోయింది, కన్నాలు సగం కూడా లేవు. "దారే మూసుకుపోతే మోటారేటి సేస్తాదండి?" అన్నాడు. జాలీలు, షవర్ తల రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే బకెట్ మూడు నిమిషాలకు వచ్చింది. మేడ మీద మా లైను గేట్ వాల్వ్ తుప్పుతో సగంలో బిగుసుకుపోయింది. దాన్ని తీసి బాల్ వాల్వ్ వేస్తే ఇంకొంచెం మెరుగైంది. కింది అంతస్తుల వాళ్లకైతే ఇక్కడితో సరిపోతుంది, పంపు దాకా వెళ్లక్కర్లేదు. మాకు ఎత్తే లేదు కాబట్టి వెళ్లక తప్పలేదు.

మేం పెట్టించింది లైనులోనే బిగించే చిన్న పంపు, 120 వాట్లు. కొళాయి తిప్పగానే, నీళ్లు పారుతున్నాయని పసిగట్టే ఫ్లో స్విచ్ కదిలి దానంతటదే ఆన్ అవుతుంది, కడితే ఆగిపోతుంది. పంపు, పైపులు, కూలీ అన్నీ కలిపి అప్పట్లో పది వేల లోపే అయింది. ఇప్పుడు బకెట్ రెండు నిమిషాల లోపు నిండుతుంది, మెషిన్ మళ్లీ ఆగలేదు. రోజుకు గంటసేపు తిరిగినా నెలకు నాలుగు యూనిట్లు దాటదు. కరెంటు బిల్లు గురించి టెన్షన్ అక్కర్లేదు. నీళ్ల ఖర్చు మాత్రం పెరుగుతుంది, ముఖ్యంగా ఇంట్లో షవర్ కింద నిలబడి పాటలు పాడే పిల్లలుంటే.

బిగించేటప్పుడు పట్టుబట్టి చేయించినవి మూడు. ట్యాంకు నుంచి మా ఫ్లాట్‌కు విడిగా ఒక లైను దింపించాం. అందరికీ కలిపి ఉన్న నిలువు పైపు మీద పంపు పెడితే కింది వాళ్ల నీళ్లు లాగేస్తుంది, తర్వాత అసోసియేషన్ మీటింగులో మన సంగతే చర్చ. రెండోది, పంపును గీజర్ లైను విడిపోకముందే పెట్టించాం. చన్నీళ్ల వైపే పెడితే మిక్సర్‌లో చన్నీళ్లు వేడినీళ్లను వెనక్కి తోసేస్తాయి. మూడోది, పంపు పక్కనుంచి, నీళ్లను ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్‌తో బైపాస్ పైపు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది. కరెంటు లేనప్పుడు ట్యాంకులో ఉన్న నీళ్లయినా అడ్డు లేకుండా ఇంట్లోకి దిగాలి కదా.

ఇక ఇబ్బందులు. కొళాయి సన్నగా తిప్పితే ఫ్లో స్విచ్‌కి తెలియదు, పంపు ఆన్ కాదు. ఫ్లష్ ట్యాంకు నిండుతున్నప్పుడు చివర్లో ధార సన్నబడి పంపు ఆగుతూ, మొదలవుతూ గుర్‌గుర్‌మంటుంది. అర్ధరాత్రి బెడ్‌రూం పైన ఆ చప్పుడు వినసొంపుగా ఏమీ ఉండదు. కింద రబ్బరు ముక్కలు వేసి, రెండు వైపులా గట్టి పైపు బదులు ఫ్లెక్సిబుల్ పైపు పెట్టించాక చాలా తగ్గింది.

ఒకసారి అన్ని కొళాయిలూ కట్టేసినా పంపు ఆగనంది. విప్పి చూస్తే ఫ్లో స్విచ్ లోపలి బుడిపెలో చిన్న అయస్కాంతం ఉంది. పైపుల్లోంచి వచ్చిన తుప్పు రజను దానికి మీసాల్లా అంటుకుని బుడిపె పైనే ఇరుక్కుపోయింది. తుడిచి పెడితే బాగైపోయింది. అప్పటినుంచి పంపుకు ముందు జాలీ ఫిల్టర్ పెట్టాం, ఆర్నెల్లకోసారి కడిగితే చాలు. ట్యాంకు కడిగించిన ప్రతిసారీ ఇంకో తమాషా: పంపు తిరుగుతుంది, నీళ్లు రావు. లోపల గాలి పట్టేస్తుంది. ముందున్న పెద్ద స్క్రూను కొంచెం వదులు చేస్తే గాలి బుసబుసమంటూ పోయి నీళ్లు చిమ్ముతాయి, అప్పుడు బిగించేయాలి. దీనికి ప్లంబరుకు డబ్బులివ్వకండి.

వైజాగ్‌లో పంపుకు అసలు శత్రువు ఉప్పుగాలి. మోటారు బాడీకి ఏమీ కాలేదు గానీ బోల్టులు రెండో ఏటికే ఎర్రబడ్డాయి, వైర్లు కలిపే డబ్బాలో స్క్రూలు పచ్చగా చిలుం పట్టాయి. స్టీల్ బోల్టులు వేయించి, పైన చిన్న రేకు కప్పించాం. కెపాసిటర్ ఒకసారి మార్చాం. అది మామూలు దుకాణంలోనే దొరికింది.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఇలాంటి మోటారును మున్సిపల్ కొళాయి లైనుకు నేరుగా తగిలించకండి. నీళ్లు వదిలే కాసేపట్లో మీరు లాగితే వీధి చివర ఇంటికి చుక్క అందదు. పైగా పైపు ఎక్కడైనా పగిలి ఉంటే పక్కనున్న మురికి కూడా లోపలికి వచ్చేస్తుంది. ముందు సంపులోకి పట్టుకుని, అక్కడినుంచి మేడ మీదికి ఎక్కించుకోవడమే పద్ధతి.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను. ప్రెషర్ స్విచ్, చిన్న ట్యాంకు ఉన్న పెద్ద పంపులు సన్నటి ధారకు కూడా పనిచేస్తాయి గానీ, ఇంట్లో ఒక్క కొళాయి కారుతున్నా అవి పదేపదే ఆన్ అవుతూ ఉంటాయి. మా ఇంట్లో ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది. ఈ మధ్య మా పంపు స్టార్ట్ అయ్యేటప్పుడు కొంచెం గీరినట్టు శబ్దం చేస్తోంది. ఎండాకాలం వచ్చేలోపు లోపల నీళ్లను తోసే చక్రం, అదే ఇంపెల్లర్, విప్పించి చూపించాలి.