ఇంటి ముందు షామియానాయా, కల్యాణ మండపమా?

ఖర్చు: షామియానా చవకే అనిపిస్తుంది. కుర్చీలు, జనరేటర్, నీళ్ల ట్యాంకర్, వంట గిన్నెల అద్దె కలిపి చూస్తే తేడా బాగా తగ్గిపోతుంది. మండపమైతే కరెంటు బిల్లు వేరా అని ముందే అడగండి.

శ్రమ: ఇంటి దగ్గర ఎంగిలాకులు ఎత్తే మనిషినీ మనమే వెతకాలి. మండపంలో ఆ బాధ లేదు.

రిస్క్: అక్టోబరులో శ్రీకాకుళం వైపు షామియానా అంటే నాకు భయమే. తిత్లీ తుపాను వచ్చింది 2018 అక్టోబరు 11నే. అంత దాకా ఎందుకు, మా అక్క నిశ్చితార్థంలో చిన్న వానకే గుడ్డ మీద నీళ్లు నిలిచి సరిగ్గా సాంబారు గిన్నెలోకి కారాయి. విజయనగరంలో మండపమైనా సరే, దసరా తర్వాతి మంగళవారం వద్దు. ఆ రోజు జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర జనంలో చుట్టాలు దారిలోనే ఆగిపోతారు.

వంద మంది లోపు, మాఘమాసం, పక్కింటి వాకిలి కూడా ఇస్తామన్నారా, షామియానా వేసేయండి. మూడు వందలు దాటితే మండపమే.